సమాధాన్ పోర్టల్‌తో నా అనువాదం బిల్లు వసూలైంది

విజయవాడలో ఇంటి దగ్గరే ఉండి ఆన్‌లైన్ కోర్సుల పాఠాలు తెలుగులోకి అనువదిస్తుంటాను. మాటకు రూపాయి అరవై పైసలు. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ కంపెనీ ఒకదానికి 54,000 మాటలు చేసిచ్చి, 86,400 రూపాయలకు బిల్లు పెట్టాను. "వచ్చే వారం వేసేస్తాం మేడమ్" అన్నారు. నవంబరు దాకా అదే మాట. చేసిన పనికి డబ్బులు అడుక్కుంటున్నట్టు అనిపించి, ఫోన్ చేయాలంటేనే మనసు చివుక్కుమనేది.

ఆగస్టులో రిటర్న్ పనుల కోసం 26ఏఎస్ (మన పేరు మీద కట్టిన పన్నుల లెక్క చూపే కాగితం) తీసి చూస్తే, నా బిల్లు మీద 8,640 రూపాయల టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లు ముందే కోసే పన్ను) కోసి కట్టేశారు! అంటే బిల్లు ఒప్పుకున్నారు, లెక్కల్లో రాసుకున్నారు, నాకు రావాల్సిన 77,760 మాత్రం ఆపారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఆ కాగితమే తర్వాత నాకు గట్టి ఆధారమైంది.

కేంద్ర ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) శాఖ బకాయిల ఫిర్యాదుల కోసం పెట్టిన సమాధాన్ పోర్టల్ గురించి చెప్పింది మా ఆడిటర్ గారు. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల లోపు డబ్బు ఇవ్వాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే 'బ్యాంక్ రేటు'కు మూడింతలు చక్రవడ్డీ. అప్పటి లెక్కన అది ఏడాదికి 20.25 శాతం. ఇంట్లో ఒక్కరే పనిచేసుకునే నాలాంటి వాళ్లూ ఇందులోకి వస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. కావలసింది ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు. ఆధార్, పాన్ ఉంటే చాలు, ఒక్క రూపాయి ఫీజు లేదు. బ్యాంకు వాళ్లు అడిగారని నేను 2022లోనే తీసుకున్నాను, అదే నన్ను కాపాడింది. అంతకుముందు ఇంకొకరు ఎగ్గొట్టిన 19,000 బిల్లు కూడా పెడదామంటే, రిజిస్ట్రేషన్‌కు ముందు చేసిన పని కాబట్టి నిలబడదని ఆడిటర్ గారు వద్దన్నారు. ఆ డబ్బు తలచుకుంటే ఇప్పటికీ బాధే. దయచేసి పని మొదలుపెట్టకముందే రిజిస్ట్రేషన్ తీసుకోండి.

పోర్టల్‌లో ఉద్యమ్ నంబరు కొట్టి, వర్క్ ఆర్డర్, బిల్లు, వాళ్ల వివరాలు ఎక్కించాను. నాకు అన్నిటికన్నా నచ్చిందేమిటంటే, కేసు ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే మన ప్రాంతపు కౌన్సిల్ దగ్గరే నడుస్తుంది, వాళ్ల ఊరు తిరగక్కర్లేదు. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. నా విషయం అంతదాకా వెళ్లలేదు. పన్నెండో రోజున ఆ కంపెనీ అకౌంట్స్ అతని నుంచి ఫోన్. గడువులోగా చిన్న సంస్థలకు డబ్బు కట్టకపోతే, కట్టేదాకా ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోనివ్వరట. వాళ్ల ఆడిటర్ అదే అడుగుతున్నారని అతనే చెప్పాడు. డిసెంబరు మొదటి వారంలో అసలు మొత్తం పడింది. వడ్డీ వదిలేసి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. పట్టుబట్టి ఉండాల్సిందేమో గానీ, ఎనిమిది నెలల టెన్షన్ తర్వాత నాకు ఓపిక లేదు.

సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఈ దారి లేదు. పని చేసిచ్చే వాళ్లకు మాత్రం ఐదుకు ఐదు ఇస్తాను. ఇప్పుడు నా ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. మొన్న ఒక కొత్త కంపెనీ 60 రోజులు అడిగితే, 30 అని దిద్ది పంపాను. ఒప్పుకున్నారు.