తద్దినం ఇంట్లోనా, సత్రంలోనా, గయలోనా, వీడియో కాల్లోనా: ఏది మేలు?

పోయిన వారం డాలస్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు, "అన్నయ్యా, ఈసారి నాన్న ఆబ్దికం నేను వీడియో కాల్లో కానిచ్చేస్తా, ఇక్కడ పంతులుగారు దొరకట్లేదు, పర్లేదు కదా" అని. పర్లేదు అనాలో వద్దనాలో తెలీలేదు, ఎందుకంటే ఈ పద్నాలుగేళ్ళలో నేనూ అన్ని రకాలూ చేసి చూసినవాడినే. కోరి తద్దినం తెచ్చుకున్నట్టు అంటారు గానీ మా ఇళ్ళల్లో అది కోరకుండానే ఏటా వస్తుంది కదా, మాది మార్గశిర బహుళ సప్తమి, అంటే డిసెంబర్ చలిలో, ఆఫీసులో ఇయర్ ఎండ్ గోల మధ్యలో. వాడికి చెప్పిందే ఇక్కడ కూడా రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుందేమో.

ముందు ఇంట్లో పెట్టడం. శాస్త్రం ప్రకారం ఇదే మొదటి మాట, పెద్దవాళ్ళకీ ఇదే ఇష్టం. మా ఊరు తణుకు దగ్గర, చిన్నప్పుడు మా తాతగారి తద్దినానికి భోక్తలుగా, అంటే పోయినవాళ్ళ స్థానంలో కూర్చుని భోజనం చేయడానికి, వచ్చేవాళ్ళు పక్క వీధి వాళ్ళే. ఒకాయన హైస్కూల్లో తెలుగు మాస్టారు, ఇంకొకాయన కరణీకం చేసి మానేసినాయన. సగోత్రీకులు పనికిరారు కాబట్టి మేము వాళ్ళింటికి, వాళ్ళు మా ఇంటికి. దక్షిణ తాంబూలం ఇచ్చేవాళ్ళు గానీ డబ్బు కోసం వచ్చారని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. భోక్త అంటే అప్పుడు ఒక వంతు, ఇప్పుడు ఒక ఉద్యోగం, అసలు మార్పంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. పురోహితుడు ఎలాగోలా దొరుకుతాడండీ, యాప్‌లో బుక్ చేసినా వస్తాడు. ముందురోజు రాత్రి భోజనం మానేసి, మర్నాడు అపరాహ్ణం, అంటే మధ్యాహ్నం దాటేదాకా ఖాళీ కడుపుతో కూర్చుని, తిన్నాక ఆ రాత్రి కూడా తినకుండా ఉండే మనిషి, అందులోనూ ఇద్దరు, వాళ్ళు దొరకరు. పైగా ఆ పని చేసేవాళ్ళని మనవాళ్ళే కొంచెం తక్కువగా చూస్తారు, ఒకసారి భోక్తగా వెళ్ళినాయన్ని పెళ్ళిలో పక్కన కూర్చోబెట్టుకోడానికి కూడా ఇబ్బంది పడినవాళ్ళని చూశా. ఆయన్ని మన నాన్న స్థానంలో కూర్చోబెట్టి కాళ్ళు కడుగుతాం, మర్నాడు రోడ్డు మీద కనిపిస్తే పలకరించం.

హైదరాబాద్ వచ్చాక మొదటి ఆరేళ్ళు ఇంట్లోనే పెట్టా. మా ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికి తలస్నానం చేసి, తడి చీర పిండి కట్టుకుని, మూడో అంతస్తు ఫ్లాట్‌లో చలికి వణుకుతూ పప్పు రుబ్బేది. గారెలు, పరమాన్నం, నువ్వుల పచ్చడి, అరటికాయ, కంద, చేమ, కారానికి మిరియాలు, ఎండుమిర్చి పనికిరాదు. మంత్రం నాది, చెమట ఆవిడది. నేను పీట మీద కూర్చుని జంధ్యం అటూ ఇటూ మార్చుకుంటూ సవ్యం అపసవ్యం అనుకుంటూ ఉంటే ఆవిడ పన్నెండింటి దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా పొయ్యి దగ్గరే, బీపీ టాబ్లెట్ కూడా వేసుకోకుండా. ఐదో ఏడు కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. ఆ రోజు వచ్చిన భోక్తకేమో షుగరు, "పరమాన్నం వద్దు నాయనా, అక్కడే ఉంచు" అన్నారు, రెండు గారెల్లో ఒకటి సగం తుంచి వదిలేశారు. చివర్లో "తృప్తాస్థ" అని నేను అడగాలి, తృప్తి పడ్డారా అని. ఆయన విస్తరి నిండా పదార్థాలు పెట్టుకుని "తృప్తాస్మః" అన్నారు. తప్పు ఆయనది కాదు, డెబ్బై రెండేళ్ళ మనిషి, రిటైరయ్యాక ఇల్లు గడవక వస్తున్నారు. కానీ ఆ రోజు నుంచి ఇల్లే మేలు అని గట్టిగా అనలేకపోతున్నా. పిండం తీసుకెళ్ళి టెర్రస్ మీద పెడితే కాకి రాలేదు, పావురాలొచ్చాయి, అది వేరే సంగతి.

తర్వాత సత్రం. ఇప్పుడు సిటీలో చాలామంది దారి ఇదే. ముందు ఫోన్ చేసి తిథి, గోత్రం, మూడు తరాల పేర్లు రాయించుకుంటే వంట, భోక్తలు, పురోహితుడు అన్నీ వాళ్ళే చూస్కుంటారు, పోయినేడు మాకు 6,000 చిల్లర అయింది. మడి వంట మడి వంటే, ఇంట్లో ఆడవాళ్ళకి శ్రమ లేదు, భోక్తలు వేళకి వస్తారు. ఇబ్బంది ఎక్కడంటే హడావిడి. మహాలయ పక్షంలో, అంటే భాద్రపదంలో పెద్దలకి పెట్టుకునే పదిహేను రోజుల్లో, వెళ్తే ఒకే హాల్లో నాలుగైదు కుటుంబాలు, ఒక్క పంతులుగారు నలుగురి చేత కలిపి చెప్పిస్తారు, పక్కాయన కౌండిన్యస గోత్రం అని గట్టిగా అంటుంటే నేను భారద్వాజస మర్చిపోయి అదే అనేశా, మళ్ళీ వెనక్కెళ్ళి చెప్పించారు. ఇంకో చోట అయితే నువ్వులు నీళ్ళు వదుల్తుండగానే తర్వాతి బ్యాచ్ వాళ్ళు గుమ్మంలో తడిబట్టలతో నిలబడి మనకేసి చూస్తున్నారు. అయినా సరే, తిథి రోజున, స్వయంగా వెళ్ళి, మొదటినుంచి చివరిదాకా కూర్చోగలిగితే సత్రం మంచి పద్ధతే. డబ్బు కట్టేసి పేర్లు చదివించమని ఆఫీసుకెళ్ళిపోయేవాళ్ళున్నారు చూడండి, దానికంటే మానేయడం నయం అనిపిస్తుంది నాకు. తిథి బుధవారం పడిందని ఆదివారానికి జరిపేవాళ్ళు ఇంకో రకం, బర్త్‌డే పార్టీ కాదు కదండీ ఇది.

గయ సంగతి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే అది వీటికి పోటీ కాదు. ఫల్గు నది, అహల్యాబాయి హోల్కర్ 1787 లో కట్టించిన విష్ణుపాద ఆలయం, అక్షయవటం అనే మర్రిచెట్టు, ఈ మూడు చోట్లా పిండాలు పెట్టి వస్తే ఇంక ఏటా తద్దినం అక్కర్లేదని మనవాళ్ళలో ఒక నమ్మకం పాతుకుపోయింది. మా పురోహితులు గారు మాత్రం ఒప్పుకోరు, కొడుకు కొడుకనిపించుకునేది మూడింటితో అని శ్లోకం ఉంది కదా అంటారు: బతికుండగా మాట వినడం, పోయాక ఏటేటా భోజనం పెట్టడం, గయలో పిండం వేయడం. మూడూ విడివిడిగా చెప్పారంటే ఒకటి చేస్తే ఇంకోటి రద్దవదనే కదా. మొదటిది ఎంతమంది చేశాం అని మాత్రం ఆయన్ని అడగొద్దు. అంత దూరం వెళ్ళలేనివాళ్ళకి మన పిఠాపురం పాదగయ ఉంది, కుక్కుటేశ్వరుడి గుళ్ళో. గయలో అక్షయవటం దగ్గర ఇష్టమైన కాయ, పండు వదిలేయాలంటారు, మా మామయ్య కాకరకాయ వదిలేసి వచ్చాడు, జన్మలో తినని మనిషి.

వీడియో కాల్. డాలస్‌లో మధ్యాహ్నం పన్నెండంటే శీతాకాలంలో ఇక్కడ రాత్రి పదకొండున్నర, అప్పుడు హైదరాబాద్‌లో పంతులుగారు నిద్రమత్తులో లాప్‌టాప్ ముందు కూర్చుని "క్రౌంచద్వీపే, రమణకవర్షే" అని అమెరికా సంకల్పం చెప్తుంటే అక్కడ వీడు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ప్రాచీనావీతి అంటే జంధ్యం ఎటు వైపు అని అడుగుతుంటాడు. మంత్రం వరకు నాకు అభ్యంతరం లేదు, ఫోన్లో వినిపించినా మంత్రం మంత్రమే. కానీ తద్దినం అంటే ఒక మనిషికి అన్నం పెట్టడం. భోక్త స్థానంలో దర్భలు వేసుకోవచ్చు, దానికి శాస్త్రంలో వీలుంది, మరి ఆ వండింది ఎవరు తిన్నారు? రెండేళ్ళ క్రితం వీడు అలాగే చేసి సగం ఫ్రిజ్‌లో పెట్టాడు. నా లెక్కలో అన్నిటికంటే కింద ఇదే.

ఇంకోటుంది, జనం చిన్నచూపు చూసేది. ఆమశ్రాద్ధం, అంటే వండకుండా బియ్యం, పప్పు, కూరలు, నెయ్యి, దక్షిణ కలిపి స్వయంపాకం ఇవ్వడం. బ్రాహ్మణులకి ఇది ప్రయాణంలోనో వంటకి వీల్లేనప్పుడో చెప్పిన పద్ధతి, శాస్త్రాలు శూద్రులన్న కులాలవాళ్ళకి అసలు పద్ధతిగానే చెప్పారు. మా ఊళ్ళో సంక్రాంతికి కాపులు, కమ్మవారు గుమ్మడికాయతో సహా స్వయంపాకం తెచ్చి మా నాన్న చేతిలో పెట్టి దణ్ణం పెట్టుకుని వెళ్ళేవాళ్ళు, పదిహేను నిమిషాల పని. మేము మడి కట్టుకుని గొప్పగా ఫీలయ్యేవాళ్ళం. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో మేమే వాళ్ళ పద్ధతికి దిగుతూ దాన్ని సర్దుబాటు అంటున్నాం. విష్ణుపురాణం ఇంకా కిందికి దిగుతుంది, ఏమీ లేనివాడు ఆవుకి గడ్డి వేసినా చాలు, అదీ లేకపోతే అడవిలోకెళ్ళి చేతులెత్తి నా దగ్గర ధనం ధాన్యం లేవు, నా భక్తితో తృప్తి పడండి అంటే చాలు అని ఉంది. ఇది తెలిశాక నాకు సగం భయం పోయింది.

అన్నట్టు పంతుళ్ళు తగ్గిపోతున్నారని వాపోయేవాళ్ళు వాళ్ళకి పిల్లనిస్తారేమో అడిగి చూడండి. కర్ణాటకలో బ్రాహ్మణ అభివృద్ధి బోర్డు 2021 లో మైత్రేయి అని పథకమే పెట్టింది, పురోహితుణ్ణి చేసుకునే అమ్మాయికి 3 లక్షలు. అక్కడిదాకా వచ్చింది.

నా వరస ఇదీ: ఇంట్లో మగవాళ్ళు వంట చేయగలిగితే ఇల్లు. చేయలేకపోతే సత్రం, కూర్చునే ఓపికతో. రెండూ కుదరని ఏడు నమ్మకమైన వైదిక కుటుంబానికి మన చేత్తో స్వయంపాకం. గయ ఒక్కసారి. వీడియో కాల్ ఇంకే దారీ లేనప్పుడు, అప్పుడు కూడా తినే మనిషిని ఒకర్ని వెతుక్కున్నాక.

తమ్ముడికి ఇదంతా చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ ఊరి గుడి అర్చకుడికి ఫోన్ చేశాడట, ఆయన భోజనానికి వస్తానన్నాడు, మంత్రం మాత్రం హైదరాబాద్ నుంచే. నేను ఇక్కడ సత్రంలో పేరు రాయించా, షుగరు లేని భోక్తలని చూడమని కూడా చెప్పా, మేనేజర్ నవ్వాడు. నిన్న రాత్రి వాడు మా ఆవిడకి వాట్సాప్ పెట్టాడు, "వదినా, గారెలకి మినప్పప్పు ఎన్ని గంటలు నానాలి?"