పనీర్ నీళ్లు: గ్యాసా, యాసిడా, ప్లాస్టిక్కా? ఏది మేలు?

వరంగల్ దగ్గర హసన్‌పర్తి దాటాక మా బామ్మర్దికి చిన్న పనీర్ యూనిట్ ఉంది. రోజూ 500 లీటర్ల బర్రె పాలు విరగ్గొడితే 100 కిలోల పనీర్, 400 లీటర్ల విరుగుడు నీళ్లు వస్తాయి. చూడ్డానికి పల్చటి తేటలా ఉంటాయి గానీ, ఇళ్ల మురుగునీటి కంటే వంద రెట్లకు పైగా కాలుష్యం వాటిలో ఉంటుంది. మొదట్లో పక్క కాల్వలోకి వదిలేవాడు. కింది కుంటలో చేపలు వెల్లకిలా తేలిన రోజు ఊరోళ్లంతా వచ్చి గేటు ముందు కూర్చున్నారు. అప్పటి నుంచి ఈ నీళ్లను బ్యాక్టీరియాకు అప్పజెప్పి ఏం తీయొచ్చో ఇద్దరం లెక్కలేస్తూ ఉన్నాం.

వాటిలో పనికొచ్చేది పాల చక్కెర, లాక్టోజ్. లీటరుకు 45–50 గ్రాములు, అంటే రోజుకు 18–20 కిలోలు.

వాడికి ముందు నచ్చింది బయోప్లాస్టిక్. కొన్ని బ్యాక్టీరియాలకు చక్కెర ఎక్కువై నత్రజని తక్కువైతే, మనకు పొట్ట చుట్టూ కొవ్వు పట్టినట్టు, వాటి ఒంట్లో పీహెచ్‌బీ అనే ప్లాస్టిక్ పేరుకుంటుంది. 1926లోనే ఫ్రాన్స్‌లో బయటపడ్డ సంగతి ఇది. కానీ దాదాపు మూడు కిలోల చక్కెరకు కిలో ప్లాస్టిక్. మా నీళ్లకు రోజుకు ఆరు కిలోలు! అందుకోసం స్టెరిలైజ్ చేసిన ట్యాంకు, రాత్రీ పగలూ గాలి కొట్టే కంప్రెసర్ కావాలి. కరెంటు బిల్లు తల్చుకుని ఆ కాగితం మడిచేశాం.

లాక్టిక్ యాసిడ్ అంత దూరపు చుట్టం కాదు, పెరుగు తోడేసే బ్యాక్టీరియా చేసే పనే. చక్కెర ఎంతో యాసిడ్ దాదాపు అంత వస్తుంది. చిక్కంతా దాన్ని శుద్ధి చేయడంలోనే. పాత పద్ధతిలో ముందు సున్నం, తర్వాత సల్ఫ్యూరిక్ యాసిడ్ కలపాలి. కిలో యాసిడ్‌కు ఇంచుమించు కిలో జిప్సం మిగులుతుంది. ఒక చెత్త పోయి ఇంకో కుప్ప! రోజుకు లక్ష లీటర్లు నడిపే డైరీ అయితే ఆలోచించొచ్చు.

ఇక గ్యాస్, అంటే గోబర్ గ్యాస్ లాంటి బయోగ్యాస్. అమ్మితే కిలోకు వచ్చే ధర చూస్తే అన్నిటికంటే తక్కువ దీనికే. అయినా నా ఓటు దానికే. ఇక్కడ అసలు ఖర్చు నీళ్లలోంచి సరుకును విడదీయడానికి. గ్యాస్ దానంతట అదే పైకొస్తుంది. 400 లీటర్లకు లెక్క ప్రకారం 8 ఘనపు మీటర్ల మీథేన్ (బయోగ్యాస్‌లో మండేది ఇదే), అంటే దాదాపు 6 కిలోల ఎల్‌పీజీతో సమానం. ముప్పావు వంతే చేతికొచ్చినా పాలు కాచే గ్యాస్‌లో సగం దాకా కలిసొస్తుంది. (బర్రెలకే తాపొచ్చు కదా అంటారు. తాజాగా, కొద్దిగా అయితే సరే. ఎక్కువైతే పారుకుంటాయి.)

గ్యాస్‌కూ పేచీలున్నాయి. చలికాలం రాత్రుళ్లు ఉత్పత్తి పడిపోతుంది. ట్యాంకులో ఒక జట్టు సూక్ష్మజీవులు చక్కెరను చకచకా యాసిడ్ చేస్తాయి, ఇంకో జట్టు దాన్ని నింపాదిగా మీథేన్ చేస్తుంది. మొదటి జట్టుకు ఎక్కువ మేత పడితే రెండోది ఆ పులుపులో చచ్చూరుకుంటుంది. మావాడు గ్యాస్ ట్యాంకు పెట్టిన మొదటి వారమే 400 లీటర్లూ ఒకేసారి కుమ్మరించాడు. మూడో రోజుకు మంట ఆరిపోయింది, పుల్ల వాసన, పులుపు కొలిచే పీహెచ్ పట్టీ ముంచితే 5 (7 దగ్గర్లో ఉండాలి, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). పక్కింటి కొట్టం నుంచి పేడ తెచ్చి, సున్నపు తేట కలిపి, నీళ్లు పోయడం ఆపేస్తే మళ్లీ నీలి మంట రావడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు పేడతో కలిపి పొద్దున సగం, సాయంత్రం సగం పోస్తున్నాడు, గోడకు పట్టీల డబ్బా వేలాడదీసి.