నేల ఆర్కిడ్‌కి కుండీ మేలా, పెరటి మట్టి మేలా?

ఆర్కిడ్ అనగానే మనవాళ్లకి చెట్టు కొమ్మని బదనికలా కరుచుకుని, గాల్లోకి వేళ్లు వేలాడేసే మొక్కే గుర్తొస్తుంది. మట్టిలో దుంప దాచుకుని, వానలతో లేచి, చలికాలానికి ఆకు రాల్చి పడుకునే ఆర్కిడ్లు కూడా మన తూర్పు కనుమల్లో ఉన్నాయి. వాటిలో నేను పదకొండేళ్లుగా పెంచుతున్నది జియోడోరం డెన్సిఫ్లోరం. జియోడోరం అంటే గ్రీకులో 'భూమి ఇచ్చిన కానుక'. ఈమధ్య వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని యులోఫియా ప్రజాతిలో కలిపేసి యులోఫియా పిక్టా అంటున్నారు గానీ, పెంచేవాళ్ల నోట పాత పేరే ఉంది. మన దేశం మొదలుకొని ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర భాగం దాకా పెరిగే మొక్కే ఇది. అయినా అడవులు తరిగిపోయి, మందుకని దుంపలు తవ్వేసి, చాలాచోట్ల అరుదైపోయింది.

దీన్ని కుండీలో పెట్టాలా, నేలలో పెట్టాలా అని అడిగేవాళ్లకి నేను మొదటి మూడేళ్లలో ఒక జవాబు చెప్పేవాణ్ని, తర్వాత నాలుగేళ్లు దానికి పూర్తిగా ఎదురు చెప్పాను. ఇప్పుడైతే ముందు 'మీ ఊళ్లో వానలు ఏ నెలల్లో పడతాయి?' అని అడుగుతున్నాను. ఎందుకో చెబుతాను.

పాడేరులో టీచరుగా పనిచేసి రిటైరైన మా పెద్దమ్మ పెరట్లో పనసచెట్టు కింద ఇది గుత్తులు గుత్తులుగా ఉండేది. ఒక మే నెలలో విడదీసి ఆరు దుంపలు నాకు ఇచ్చింది. "నాన్నా, దీన్ని నీళ్లు పోసి చంపకు. ఆకు పోయాక అసలు దాని జోలికే పోకు" అంది. హన్మకొండలో మా ఇంటికి తెచ్చి మూడు దుంపలు కుండీలో, మూడు సపోటా చెట్టు నీడన నేలలో పెట్టాను. వానలకి రెండుచోట్లా ఆకులు బాగానే వచ్చాయి. చీర కుచ్చిళ్లలా మడతలు మడతలుగా, మూరెడు పొడవున్న ఆకులు. నవంబరు కల్లా పసుపెక్కి వాలిపోయాయి.

అక్కడే తప్పు చేశాను. మిగతా కుండీలకి పైపుతో నీళ్లు పడుతూ, ఖాళీగా కనిపిస్తున్న ఈ కుండీకీ పట్టాను. మార్చిలో అనుమానమొచ్చి మట్టి తీసి చూస్తే మూడింట్లో రెండు దుంపలు వేలితో నొక్కగానే లోపలికి దిగిపోయాయి. కుళ్లిన ఉల్లిపాయ వాసన. నేలలోవి మూడూ గట్టిగా ఉన్నాయి. అప్పుడు పెద్దమ్మ మాట అర్థమైంది.

ఈ మొక్క బతుకంతా ఆ నిద్ర మీదే ఆధారపడి ఉంది. అడవిలో చలికాలం, ఎండాకాలం ఆకు లేకుండా, మట్టి కింద తడి లేకుండా ఆరేడు నెలలు గడుపుతుంది. పైన కార్చిచ్చు పాకిపోయినా దుంపకి ఏమీ కాదు. వేరు పనిచేయని ఆ కాలంలో తడి తగిలితే తాగేవాళ్లు లేక ఆ నీరే దుంపని కుళ్లబెడుతుంది. కాబట్టి కుండీయా నేలా అన్న ప్రశ్నని నేను ఇలా మార్చుకున్నాను: కార్తీకం నుంచి వైశాఖం దాకా దుంపని పొడిగా ఉంచగలిగేది ఏది?

హన్మకొండ లాంటి చోట నేలే గెలుస్తుంది. ఎర్ర చెల్క నేల, నీరు నిలవదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, తర్వాత ఎండే. చెట్టు వేర్లు మిగిలిన చెమ్మ కూడా లాగేసుకుంటాయి. ఇంకో పెద్ద లాభం చల్లదనం. ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీల ఎండకి డాబా మీది కుండీ అన్నివైపుల నుంచీ కాలుతుంది, లోపలి మట్టి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. నేలలో జానెడు లోతున ఆ బాధ లేదు. ఎండుటాకులు కప్పి వదిలేస్తే చాలు. మూడో ఏడు మా సపోటా కింద మూడు దుంపలు పద్నాలుగు అయ్యాయి. కుండీలో మిగిలిన ఒక్కటీ నాలుగుకి మించలేదు. నేలలో పెంచితే పని తక్కువ, పిలకలు ఎక్కువ. ఇది నిజం.

కాకపోతే అది ఎర్రనేలలో మాత్రమే. నల్లరేగడిలో పెట్టాలనుకునేవాళ్లని గట్టిగా వద్దంటాను. వానకి జిగురై వేరుకి ఊపిరాడనివ్వదు, ఎండకి నెర్రెలిచ్చి వేళ్లు తెంపేస్తుంది.

తర్వాత బదిలీ మీద నెల్లూరు వెళ్లాం. హన్మకొండ అనుభవంతో ధీమాగా ఎనిమిది దుంపలు వేపచెట్టు కింద పెట్టాను. జూన్, జూలైలో వాన అంతంతమాత్రం, ఎలాగో నీళ్లు పోసి ఆకులు నిలిపాను. సరిగ్గా ఆకు పండే సమయానికి అసలు వాన మొదలైంది. నెల్లూరుకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. మొక్క పడుకుంటుంటే నేల చిత్తడి. సంక్రాంతికి తవ్వితే ఎనిమిదిలో ఒకటి దక్కింది. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు ఉన్నవాళ్లకి అందుకే కుండీ తప్ప దారి లేదు. కుండీని ఎత్తి సన్‌షేడ్ కిందికో, వసారాలోకో మార్చుకోవచ్చు. నేలని ఎత్తలేం.

కుండీ అంటే ఏ కుండీ? ప్లాస్టిక్‌ది తేలిక, చవక, వానాకాలంలో తడి నిలుపుతుంది. నిద్రకాలంలో అదే గుణం పగ అవుతుంది, అడుగున ఎక్కడో చెమ్మ దాగుండిపోతుంది. మట్టి కుండీ గోడల్లోంచి ఆరుతుంది. నేను మట్టిదానికే ఓటేస్తాను, లోతు తక్కువై వెడల్పు పది అంగుళాలకి తగ్గకుండా ఉండాలి, ఎందుకంటే దుంపలు కిందికి కాక పక్కకి పాకుతాయి. అడుగున ఇటుక పెంకులు పరిచి, రెండు పాళ్లు గరుకు ఇసుక, రెండు పాళ్లు బాగా మాగిన ఆకుల ఎరువు, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బొగ్గు, ఇటుక ముక్కలు కలిపి నింపుతాను. ఒట్టి కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) పెట్టొద్దు, అది తడిని వదలదు. దుంప మీద రెండు వేళ్ల మందం మట్టి చాలు. మార్చేటప్పుడు పాత కుండీ మట్టి గుప్పెడు కొత్తదాంట్లో కలపడం మాత్రం ఎప్పుడూ మానను. ఈ వేళ్లకి తోడుగా ఉండే బూజు ఆ మట్టిలోనే ఉంటుంది.

ఆ బూజు సంగతి చిన్నది కాదు. ఆర్కిడ్ గింజ దుమ్ములా ఉంటుంది, మొలకకి తిండి అందులో ఉండదు. బూజు తిండి అందిస్తేనే మొలుస్తుందని ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్డ్ 1899లో కనిపెట్టాడు. బూజు లేకపోయినా చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించవచ్చని అమెరికాలో లూయిస్ నడ్సన్ 1922లో చూపించాడు. ఇవాళ ల్యాబుల్లో సీసాల్లో పెంచే ఆర్కిడ్ పిల్లలు చాలావరకు ఆ దారిన వచ్చినవే. సీసా మొక్క, పెరటి పిలక, ఈ రెండింట్లో మనలాంటి వాళ్లకి పిలకే మేలు. సీసాలోంచి తీసిన పసిమొక్కలు బయటి గాలికి అలవాటు పడేలోపే సగం పోతాయి, పువ్వుకి ఏళ్లు ఆగాలి. పిలక అయితే మరుసటి ఏడో, ఆపై ఏడో పూస్తుంది. కానీ కనీసం మూడు దుంపలు కలిసున్న గొలుసునే విడదీయండి. ఎండిపోయినట్టు కనిపించే వెనక దుంపలే ముందున్న మొలకకి పాలిచ్చేవి.

మూడో దారి ఒకటుంది, దాన్ని పోలికలోకి కూడా రానివ్వను. సంతలో ఎవరో అడవి నుంచి తవ్వి తెచ్చిన దుంప. రిజర్వు అడవిలోంచి మొక్క తవ్వడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. చట్టం మాట అటుంచినా, అడవిలో ఒక గుత్తి తవ్వితే అక్కడి బూజుతో ఏళ్ల తరబడి కట్టుకున్న కాపురం కూలిపోతుంది. మన ఇంట్లో అది బతికినా అక్కడ గుంతే మిగులుతుంది. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

'ఆరు నెలలు ఖాళీ కుండీని చూస్తూ కూర్చోలేం' అనేవాళ్లూ ఉంటారు. వాళ్లకి స్పాథోగ్లోటిస్ ప్లికాటా సరిపోతుంది, గ్రౌండ్ ఆర్కిడ్ అని నర్సరీల్లో అమ్మేది అదే. ఊదారంగు పూలు ఏడాది పొడుగునా ఏదో ఒక కాడన ఉంటాయి. రోజూ నీళ్లు పోసినా సర్దుకుంటుంది. అరుదైనదేం కాదు, పోర్టోరికోలో అయితే అడవుల్లోకి పాకి బెడదగా మారింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాంతో ఓ ఏడాది చెయ్యి తిప్పుకోవడం మంచిదే.

మరి జియోడోరం కోసం ఇంత ఓపిక దేనికి? జూలైలో ఒక పొద్దున చూడాలి. ఆకు పక్కనుంచి పూకాడ లేస్తుంది, కొస దగ్గర చేతికర్రలా వంపు తిరిగి మొగ్గలగుత్తి నేలవైపు చూస్తుంది. లేత గులాబీ కలిసిన తెలుపు, పెదవి రేక మీద ఊదా గీతలు, మధ్యలో పసుపు మరక. చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే. గింజ కట్టాక ఆ వంగిన కాడ రోజుకింత నిటారవుతుంది, కాయలు ఎండి పగిలేనాటికి తలెత్తి నిలబడి దుమ్ములాంటి గింజల్ని గాలికి ఇస్తుంది. నేను ఏటా కాడ పక్కన ఒక పుల్ల పాతి, ఎంత లేచిందో గీత పెడుతుంటాను.

ఆ కాడకి మొదటి శత్రువు నత్త. ఇందులో కుండీదే పైచేయి. ఇటుకల మీద ఎత్తి పెడితే సగం బెడద తగ్గుతుంది. నేలలో అయితే ఆరుద్ర కార్తె రాత్రుళ్లు టార్చి పట్టుకుని ఏరాల్సిందే. ఒక్క రాత్రి మరిస్తే తెల్లారేసరికి మొండి కాడ మిగులుతుంది. బూడిద చల్లమంటారు గానీ వానలో అది నిలవదు. పిండినల్లి మటుకు ఆకు మడతల్లో చేరుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

ఇప్పుడుంటున్న రాజమహేంద్రవరంలో వానలు జూన్‌కే వస్తాయి, కానీ అక్టోబరు, నవంబరుల్లో తుపాను ఎప్పుడు ఊడిపడుతుందో తెలియదు. నేలని నమ్మలేను, వేసవి ఎండకి కుండీనీ నమ్మలేను. నాలుగేళ్లుగా రెండూ కలిపి చేస్తున్నాను. మట్టి కుండీని అంచు దాకా పెరట్లో గుంత తీసి దించుతాను. వానాకాలమంతా నేల చల్లదనం, చెమ్మ గోడల్లోంచి అందుతాయి. పది రెట్లు నీళ్లు కలిపిన వర్మీవాష్ (వానపాముల ఎరువులోంచి దించిన ద్రవం) జూలై, ఆగస్టుల్లో పదిహేను రోజులకోసారి పోస్తాను, అంతే. సగం ఆకులు పసుపెక్కగానే కుండీని పైకి లాగి, ఉత్తరపు గోడ వారన చూరు కింద పెట్టి, మీద 'నీళ్లు వద్దు' అని సుద్దతో రాస్తాను. మా ఇంట్లో అందరూ మొక్కలకి నీళ్లు పోసేవాళ్లే మరి. ఇప్పటిదాకా ఈ పద్ధతిలో ఒక్క దుంపా కుళ్లలేదు. పిలకలు హన్మకొండ నేలలో వచ్చినన్ని రావు, కుండీలో వచ్చేవాటికంటే ఎక్కువే.

రోహిణి కార్తెలో పైమట్టి వేలితో పక్కకి జరిపి చూస్తాను. గోధుమరంగు దుంప పక్కన బియ్యపు గింజంత తెల్లటి మొన కనిపిస్తే ఆ సాయంత్రం చెంబుడు నీళ్లు. కనిపించకపోతే మట్టి మళ్లీ కప్పేసి ఇంకో వారం ఆగుతాను.