పై గాలిని కొలవడానికి ఏది మేలు: బెలూనా, రాడారా, లైడారా?

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో, గాదంకి దగ్గర కొండల నడుమ ఉన్న మైదానంలో 1,024 యాంటెన్నాలు బారులు తీరి నిలబడి ఉంటాయి. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోని ఎంఎస్‌టీ రాడార్ అది. మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే మూడు వాతావరణ పొరల పేర్ల తొలి అక్షరాలే ఆ పొట్టి పేరు. అదే ఆవరణలో రాత్రిళ్ళు ఆకాశంలోకి పచ్చని లేజర్ కిరణాన్ని పంపే లైడార్ ఉంది. సాయంత్రాలు బెలూన్లు ఎగిరేదీ అక్కడి నుంచే. ఒకే ఆకాశానికి ఇన్ని పరికరాలు ఎందుకు, వీటిలో ఏది మేలు అని తిరుపతిలో భౌతికశాస్త్రం చదివే పిల్లలు తరచూ అడుగుతుంటారు. ప్రాజెక్టుకు ఏ పరికరం డేటా తీసుకోవాలో తేల్చుకోలేక తికమకపడేవారైతే మరీను.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేముందు నేను ఒక్కటే చూస్తాను. పరికరం నిజంగా కొలిచింది ఏమిటి? మన కాగితం మీదికి వచ్చిన అంకె దానికి ఎంత దూరంలో ఉంది? ఈ రెంటి నడుమ మనం ఎన్ని విషయాలను నిజమని అనుకుని ముందుకు సాగాం? ధర, పరిమాణం, పేరుప్రతిష్ఠలు ఆ తర్వాతి సంగతి.

ముందు బెలూను. హైడ్రోజన్ లేదా హీలియం నింపిన రబ్బరు బెలూనుకు దాదాపు 30 మీటర్ల దారం కడతారు. దారం చివర తేలికైన చిన్న డబ్బా ఉంటుంది. దాని పేరు రేడియోసాండ్. అందులో ఉష్ణోగ్రతకు ఒక సెన్సర్, తేమకు మరొకటి, స్థానం తెలియడానికి జీపీఎస్ ఉంటాయి. సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో ఎక్కుతూ కొలతలను రేడియోలో కిందికి పంపుతుంది. బయటి పీడనం తగ్గేకొద్దీ బెలూను ఉబ్బుతుంది. 30 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి దాని వ్యాసం బయలుదేరినప్పటికి దాదాపు నాలుగింతలవుతుంది. ఆ పైన ఎక్కడో పగిలి, డబ్బా కింద పడుతుంది. పొలాల్లో అలాంటి డబ్బా దొరికితే భయపడాల్సిన పనేమీ లేదు. అందులో ఉండేది చిన్న బ్యాటరీ, రెండు మూడు సెన్సర్లు మాత్రమే.

బెలూను బలం ఏమిటంటే, అది గాలిలోకి వెళ్ళి గాలిని తాకి కొలుస్తుంది. 12 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత ఎంత అంటే, ఆ ఎత్తున ఉన్న సెన్సరే చెబుతుంది. మధ్యలో సిద్ధాంతం చాలా తక్కువ. అందుకే మిగతా పరికరాలు ఏం చెప్పినా చివరికి బెలూనుతో పోల్చి చూసుకుంటాయి. ప్రపంచమంతటా వందలాది కేంద్రాలు వీటిని ఒకే వేళకు వదులుతాయి. మన గడియారం ప్రకారం ఉదయం ఐదున్నర, సాయంత్రం ఐదున్నర.

అయితే తాకి కొలిచేదానికి తాకడం వల్లనే వచ్చే చిక్కులు ఉన్నాయి. మేఘంలోంచి తడిసి బయటికి వచ్చిన సెన్సర్ మీద నీరు ఆవిరవుతుంటే ఉష్ణోగ్రత ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. పగటిపూట పైన గాలి పలచన, ఎండ తీవ్రం. అక్కడ సెన్సర్ ఎండకు వేడెక్కి ఎక్కువ చూపుతుంది, దాన్ని లెక్కగట్టి సరిచేయాలి. తేమ సంగతి ఇంకా కష్టం. మైనస్ 60, మైనస్ 70 డిగ్రీల చలిలో తేమ సెన్సర్ మందగిస్తుంది. ఒక మార్పును గుర్తించడానికి దానికి నిమిషం పట్టిందనుకోండి, ఈలోగా బెలూను 300 మీటర్లు ఎక్కేసి ఉంటుంది. అంటే సన్నని తేమ పొర ఒకటి ఉన్నా అది చెదిరి మందంగా కనిపిస్తుంది. దారం విషయమూ చూడండి. 30 మీటర్ల దారానికి వేలాడే డబ్బా దాదాపు 11 సెకన్లకు ఒకసారి ఊగుతుంది. ఆ ఊపు జీపీఎస్ వేగంలో కలుస్తుంది, దాన్ని వడగట్టాలి. వడగట్టేటప్పుడు గాలిలోని అసలైన చిన్న మార్పులు కూడా కొంత పోతాయి. పోనీ దారం పొట్టిగా కడదామంటే, బెలూను చుట్టూ కదిలిన గాలిలోనే సెన్సర్ చిక్కుకుంటుంది.

నాకు వీటన్నిటికంటే పెద్ద లోపంగా కనిపించేది మరొకటి. బెలూను మన నెత్తిమీద ఉండదు. జూలైలో గాదంకి నుంచి వదిలితే మొదట నైరుతి రుతుపవనాల పడమటి గాలి దాన్ని తూర్పుకు తోస్తుంది. ఆ పైకి పోయాక గాలి దిశ మారి, తూర్పు నుంచి పడమరకు జోరుగా వీచే తూర్పు జెట్ ప్రవాహం దాన్ని అందుకుంటుంది. ఆ ప్రవాహం సెకనుకు 40 మీటర్ల వేగంతో ఉన్న రోజున, 12 నుంచి 17 కిలోమీటర్ల దాకా ఎక్కడానికి పట్టే వెయ్యి సెకన్లలో బెలూను పుంగనూరు దిక్కుగా 40 కిలోమీటర్లు కొట్టుకుపోతుంది. గాదంకి మీది గాలి అని మనం రాసుకునేది నిజానికి వేరే మండలం మీది గాలి, అదీ గంట తర్వాతది. ప్రశాంతమైన రోజున ఈ తేడా లెక్కలోకి రాదు. ఉరుముల మేఘాలు కమ్మిన సాయంత్రం తప్పకుండా వస్తుంది.

ఇక రాడార్. గాదంకిలో ఎంఎస్‌టీ రాడార్ 1990ల మొదట్లో పనిలోకి వచ్చింది. అప్పట్లో జాతీయ ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా ఉన్న సంస్థకే 2005లో ఇప్పటి పేరు వచ్చింది. దీని పౌనఃపున్యం 53 మెగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం సుమారు 5.66 మీటర్లు. వాన పసిగట్టే రాడార్లు నీటి చుక్కలను చూస్తాయి. ఇది నిర్మలమైన గాలిని చూస్తుంది. గాలిలో ఎప్పుడూ ఉండే అలజడి వల్ల ఉష్ణోగ్రత, తేమ చోటు చోటుకూ కొంచెం మారుతుంటాయి, వాటితో వక్రీభవన గుణకమూ, అంటే తరంగాన్ని గాలి ఎంత వంచుతుందో చెప్పే అంకె కూడా, మారుతుంది. తరంగదైర్ఘ్యంలో సగం, అంటే 2.8 మీటర్ల కొలతలో ఉన్న హెచ్చుతగ్గులు ఈ రేడియో తరంగాన్ని వెనక్కి తిప్పుతాయి. పంపే శక్తి మెగావాట్ల స్థాయిలో ఉన్నా తిరిగొచ్చేది అత్యల్పం. దాన్ని ఏరుకోవడానికే దాదాపు 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పున ఆ యాంటెన్నాల మడి.

రాడార్ నిజంగా కొలిచేది ఏమిటి? 16 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే ప్రతిధ్వనికి పోయిరావడానికి 107 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యం ఎత్తును చెబుతుంది. గాలి మనవైపు సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలితే తరంగపు పౌనఃపున్యం 0.35 హెర్ట్జ్ మారుతుంది. దీన్నే డాప్లర్ మార్పు అంటారు. 5 కోట్ల 30 లక్షల కంపనాల్లో మూడో వంతు కంపనం తేడా! మేఘాలు లేని రోజున గాలి పైకో కిందికో కదిలే వేగం సెకనుకు కొన్ని సెంటీమీటర్లు, మహా అయితే పదుల సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్ల వేగానికి వచ్చే మార్పు 0.035 హెర్ట్జ్. అంత చిన్న తేడా విడివడి కనిపించాలంటే ఒకే దిక్కున సుమారు అర నిమిషం పాటు వింటూ ఉండాలి. రాడార్ ఆ పని ఓపికగా చేస్తుంది. ఇందులో దాదాపు ఏ ఊహా లేదు. నిట్టనిలువు కిరణంలో డాప్లర్ మార్పు అంటే గాలి నిలువు వేగమే.

బెలూను ఈ పని చేయలేదు. తాను సొంతంగా ఎక్కుతున్నది ఎంత, గాలి ఎత్తుతున్నది ఎంత అని విడదీసి చెప్పడం దానికి చేతకాదు. వానకు మూలం నిలువు కదలికే. తేమగాలి పైకి లేచి చల్లబడితేనే మేఘం. 2021 నవంబరులో తిరుపతి వీధుల్ని ఏరులు చేసిన వాన కూడా అలా లేచిన గాలి నుంచి కురిసిందే. ఉరుముల మేఘంలో గాలి సెకనుకు 10 మీటర్లకు మించిన వేగంతోనూ లేస్తుంది. మేఘం గాదంకి మీదుగా సాగిపోతున్నంతసేపూ ఆ కదలికను పొరపొరగా, నిమిషాల తేడాతో చూపగలిగింది రాడార్ ఒక్కటే. పైగా 53 మెగాహెర్ట్జ్ దగ్గర జోరువానలో రెండు ప్రతిధ్వనులు విడివిడిగా కనిపిస్తాయి. ఒకటి గాలిది, రెండోది సెకనుకు ఆరేడు మీటర్ల వేగంతో పడే చినుకులది. వానలోనూ గాలి మాట వానకు చెదరకుండా వినిపించడం నాకు ఈ పరికరంలో అన్నిటికంటే నచ్చిన సంగతి.

అడ్డంగా వీచే గాలికి వచ్చేసరికి ఊహ ఒకటి చేరుతుంది. కిరణాన్ని నిలువు నుంచి 10 డిగ్రీలు తూర్పుకు, పడమరకు, ఉత్తరానికి, దక్షిణానికి వాల్చి కొలుస్తారు. సెకనుకు 40 మీటర్ల గాలిలో ఆ వాలు కిరణానికి అందేది 7 మీటర్ల వేగం మాత్రమే, దాని నుంచి అసలు వేగం రాబడతారు. 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు కిరణానికీ పడమటి కిరణానికీ మధ్య 5 కిలోమీటర్లకు పైగా ఎడం ఉంటుంది. ఈ రెండు చోట్లా గాలి ఒకేలా ఉందని మనం అనుకుంటున్నాం. మామూలు రోజుల్లో అది నిజమే, పిడుగుల మేఘం నడినెత్తిన ఉంటే కాదు. అయినా బెలూను 40 కిలోమీటర్ల పక్కదారితో పోలిస్తే ఈ 5 కిలోమీటర్లు చిన్నవే. తూర్పు జెట్ ప్రవాహాన్ని 1950లలో గుర్తించినవారు తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన పి. కోటేశ్వరం. బెలూన్ల కొలతలతోనే ఆయన దాన్ని పట్టుకున్నారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అది మన నెత్తిమీదుగానే సాగుతుంది. ఆ ప్రవాహం గంట గంటకూ ఎలా మారుతుందో చూడాలంటే మాత్రం రోజుకు రెండు బెలూన్లు చాలవు.

రాడార్‌కు చేతకానివీ ఉన్నాయి. తేమ అంకెను నేరుగా ఇవ్వదు. ఉష్ణోగ్రత కోసం ధ్వని తరంగాలను జతచేసి మరో ఏర్పాటు చేసుకోవాలి. నేలకు దగ్గరి గాలి దీనికి అందదు, దానికి ఎక్కువ పౌనఃపున్యంతో నడిచే చిన్న రాడార్ వేరే కావాలి. అన్నిటికంటే ముఖ్యం, సుమారు 25 నుంచి 60 కిలోమీటర్ల నడుమ రాడార్‌కు ఏమీ వినిపించదు. అక్కడ గాలి పలచన, తేమ లేదు, 2.8 మీటర్ల కొలత అలజడీ ఉండదు. 60 దాటాక సూర్యరశ్మికి గాలి అయనీకరణం చెంది ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి కాబట్టి పగటిపూట మళ్ళీ ప్రతిధ్వని వస్తుంది.

ఆ ఖాళీలోనే లైడార్ విలువ తెలుస్తుంది. గాదంకిలో ఇది 1998లో జపాన్ సహకారంతో ఏర్పడింది. 532 నానోమీటర్ల లేజర్ పల్సులను ఒకదాని వెంట ఒకటి పైకి పంపి, గాలి అణువుల నుంచి వెనక్కి చెదిరి వచ్చే ఫోటాన్లను, అంటే కాంతి కణాలను, టెలిస్కోపుతో పట్టి లెక్కిస్తారు. ఇక్కడ నిజంగా కొలిచింది ఫోటాన్ల సంఖ్య, అంతే. ఎత్తుతో ఆ సంఖ్య తగ్గే తీరు నుంచి సాంద్రత, సాంద్రత నుంచి పీడనం, పీడనం నుంచి ఉష్ణోగ్రత. మూడు అంచెలు, ప్రతి అంచెకూ ఒక షరతు. 30 కిలోమీటర్ల పైన ధూళి లేదనుకోవాలి. పై గాలి బరువును కింది పీడనం మోస్తోందనుకోవాలి. అన్నిటికంటే ఎగువన ఒక ఎత్తు దగ్గర విలువను వాతావరణపు లెక్కల నమూనా (మోడల్) నుంచి అరువు తెచ్చుకోవాలి. ఈ చివరిదాన్ని చూసి చాలామంది లైడార్‌ను శంకిస్తారు. ఆ శంక పూర్తిగా న్యాయం కాదు. కిందికి దిగేకొద్దీ గాలి బరువు పెరుగుతుంది కాబట్టి అరువు విలువలోని తప్పు త్వరగా కరిగిపోతుంది. 15 కిలోమీటర్లు దిగేసరికి అది దాదాపు ఎనిమిదో వంతుకు వస్తుంది. నేనైతే పై 15 కిలోమీటర్ల ఉష్ణోగ్రతలను పక్కనపెట్టి, మిగతావాటిని ధైర్యంగా వాడతాను.

అసలు ఇబ్బంది ఫోటాన్లు చాలకపోవడం. ఒక పొర నుంచి 100 ఫోటాన్లు వస్తే 10 శాతం తప్పు, 10,000 వస్తే 1 శాతం. ఎత్తుకు పోయేకొద్దీ వచ్చేవి తగ్గుతాయి కనుక నిమిషాల తరబడి, ఒక్కోసారి గంటల తరబడి కూడబెట్టాలి. అంతసేపట్లో గాలిలో తరంగాలు సాగిపోయి వివరాలు చెరిగిపోతాయి. పగలు ఈ కొలత కుదరదు, మేఘం అడ్డొస్తే ఆ రాత్రి పోయినట్టే. రుతుపవనాల కాలమంతా మనకు దాదాపు మూతపడిన ఆకాశమే. జనవరి నుంచి మార్చి వరకు ఉండే తేటైన రాత్రులే దీనికి పంటకాలం. 30 కిలోమీటర్ల కింద మాత్రం ఇది ఉష్ణోగ్రతకు పనికిరాదు, ధూళి నుంచి వచ్చే కాంతి లెక్కను చెడగొడుతుంది. అక్కడ దీన్ని చాలా ఎత్తున మంచు స్ఫటికాలతో ఏర్పడే సన్నని సిర్రస్ మేఘాలను, ధూళి పొరలను చూడటానికి వాడుకోవాలి. ఆ పనిలో దీనికి సాటి లేదు.

కాబట్టి నా తీర్పు ఇది. ఉష్ణోగ్రత, తేమ కావాలంటే 30 కిలోమీటర్ల దాకా బెలూను. గాలి వేగానికి, ముఖ్యంగా నిలువు కదలికకు, రాడార్. 30 నుంచి 80 కిలోమీటర్ల మధ్య ఉష్ణోగ్రతకు లైడార్. ఒక విశ్వవిద్యాలయ విభాగం సొంతంగా ఒక్కదాన్నే సమకూర్చుకోగలదంటే సందేహం లేకుండా బెలూను కేంద్రాన్ని పెట్టుకోమంటాను. కానీ గాదంకికి ఇంత చేరువలో ఉన్న తిరుపతి, చిత్తూరు విద్యార్థి పరిశోధన అంశాన్ని ఎంచుకునేటప్పుడు నేను రాడార్ వైపే మొగ్గుతాను. బెలూను డేటా ఎక్కడైనా దొరుకుతుంది. 13 డిగ్రీల అక్షాంశం దగ్గర, జెట్ ప్రవాహం కిందే కూర్చుని నిలువు గాలిని కొలిచే ఇలాంటి రాడార్ ప్రతి ఊళ్ళోనూ దొరకదు.

రాడార్ డేటా తీసుకునేవారు అదే సాయంత్రపు బెలూను డేటా కూడా అడిగి తెచ్చుకోండి. ముందుగా 5 నుంచి 15 కిలోమీటర్ల మధ్య రెండు గాలులనూ ఒకే గ్రాఫు మీద గీయండి. తేడా కనిపిస్తే వెంటనే పరికరాన్ని తప్పుపట్టకుండా, ఆ ఎత్తుకు చేరేసరికి బెలూను ఎటు, ఎంత దూరం పోయిందో జీపీఎస్ అంకెల్లో చూడండి. ఆ తర్వాత రాడార్ తూర్పు, పడమటి కిరణాలు విడివిడిగా ఏం చెబుతున్నాయో చూడండి. అవి రెండూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే ఆ గంట డేటాను అడ్డగాలి లెక్కలోంచి తీసేయండి. నిట్టనిలువు కిరణం డేటాను మాత్రం పారేయవద్దు.