గుర్రం ప్లీహమా, మన ప్లీహమా?

మా కోనసీమలో వేసవికి కాలువలు కట్టేసే ముందే ఊరి మంచినీళ్ల చెరువు నింపి పెట్టుకుంటాం కదా, గుర్రం ప్లీహం, అదే పొట్టలో ఎడమ పక్కన ఉండే తిల్లి, అచ్చంగా ఆ చెరువే. ఊరికే నిలబడి మేస్తున్నప్పుడు ఒంట్లోని ఎర్ర రక్తకణాల్లో మూడో వంతు దాకా అందులోనే ఉంటాయి, పరుగు అందుకోగానే దాని కండర గోడ బిగుసుకుని వాటిని రక్తంలోకి నెట్టేస్తుంది, దాంతో రక్తంలో కణాల వాటా 40 శాతం దగ్గర్నుంచి 60 దాటిపోతుంది. అంత చిక్కటి రక్తంతో ఎలా పరిగెడుతుందో, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మనది పెరట్లో కుండ. 150 గ్రాములకి అటూ ఇటూ, కండరం తక్కువ. ముసలి కణాల్ని వడకట్టడం, రోగాలతో పోరాడటం దాని అసలు పని. అలాగని నిల్వ అస్సలు లేదనకండి, గోదాట్లో మునిగి ఊపిరి బిగబడితే అదీ ముడుచుకుని కొన్ని కణాలు వదులుతుంది. ఇండోనేషియాలో తరతరాలుగా సముద్రంలో మునిగే బజావులకి పొరుగువాళ్ల కంటే ప్లీహం దాదాపు 50 శాతం పెద్దదని 2018లో తేలింది.

ఈసారి మటన్ కొట్లో తిల్లి కోస్తుంటే చూడండి, ముదురు ఊదా రంగులో నిగనిగలాడుతూ, కత్తి పెట్టగానే నెత్తురు ఊరుతుంది. గొర్రెదీ గుర్రం దారే.