రెండు మైకుల పెట్టెకు అంత ధర ఎందుకు: బేబీఫేస్ ప్రో ఎఫ్‌ఎస్ దీర్ఘకాల వాడకంపై సమీక్ష

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా చిన్న రికార్డింగ్ గదిలో మైకు సిగ్నల్‌ను కంప్యూటర్‌కు చేర్చే ఆడియో ఇంటర్‌ఫేస్ అయిన ఆర్‌ఎంఈ బేబీఫేస్ ప్రో ఎఫ్‌ఎస్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. మా పనిలో ఎక్కువ భాగం ఆడియో పుస్తకాల పఠనం, అప్పుడప్పుడు వీణ, వయొలిన్. ఇలాంటిదే అయిన చౌక పరికరం ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2తో పోలిస్తే దీని ధర దాదాపు నాలుగైదు రెట్లు, మైకులు పెట్టుకునేది మాత్రం ఇందులోనూ రెండే.

పెట్టె మీద అచ్చువేసే 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అనే రికార్డింగ్ నాణ్యత అంకెలను చూసి ధరను బేరీజు వేయడం వృథా. చౌకవాటి మీదా ఖరీదైనవాటి మీదా అవే అంకెలుంటాయి, పైగా మా పనంతా 48 కిలోహెర్ట్జ్‌లోనే సాగుతుంది. తేడా మైకు సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్‌లో, పరికరాన్ని కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో, పాడుతున్నది అప్పటికప్పుడు వినే మానిటరింగ్‌లో తెలుస్తుంది.

షూర్ ఎస్‌ఎం7బి వంటి డైనమిక్ మైకు ఇచ్చే సిగ్నల్ చాలా బలహీనం కాబట్టి, మెత్తగా చదివే గొంతుకు 60 డెసిబెల్స్ దాకా గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదు, కావాలి. మూడో తరం స్కార్లెట్ 2ఐ2లో ఉన్నది 56 మాత్రమే. 2023లో వచ్చిన నాలుగో తరంలో దాన్ని 69కి పెంచారు గనుక, ఒక్క గెయిన్ కోసమే ఖరీదైనది కొనాలన్న వాదన ఇప్పుడు నిలవదు. బేబీఫేస్‌లో గెయిన్ పరిధి 76. అయితే నాకు అంతకన్నా ఎక్కువగా అక్కరకొచ్చింది, ఆ గెయిన్ సాఫ్ట్‌వేర్‌లో అంకెగా కనిపించడం. నవల పఠనం వారాల తరబడి సాగుతుంది. మైకుకూ నోటికీ మధ్య జానెడు దూరం, గెయిన్ 54 అని రాసి పెట్టుకుంటే, పక్షం తర్వాత అదే గొంతు అదే స్థాయిలో మొదలవుతుంది, అధ్యాయాల మధ్య అతుకు వినబడదు. నాబ్‌ను కంటి అంచనాతో తిప్పే పరికరంలో ఈ నిశ్చింత ఉండదు.

కంప్యూటర్ ధ్వనిని ముక్కలుగా కూడబెట్టుకునే బఫర్‌ను 48 కిలోహెర్ట్జ్ వద్ద 64 శాంపిళ్లుగా పెడితే ఒకవైపు ఆలస్యం 1.33 మిల్లీసెకన్లు, రాకపోకలు, ధ్వనిని అంకెలుగా మార్చే కన్వర్టర్లు కలిస్తే మరికొంత పెరుగుతుంది. దీంతో వచ్చే మిక్సర్ టోటల్‌మిక్స్‌లో గొంతు కంప్యూటర్ దాకా పోకుండా పెట్టెలోంచే హెడ్‌ఫోన్‌కు చేరుతుంది కాబట్టి, బఫర్ 512లో ఉన్నా గాయకులకు ఇబ్బంది లేదు. చౌకవాటిలోనూ ఇలా నేరుగా వినిపించే డైరెక్ట్ మానిటర్ మీట ఉంటుంది, కానీ పాడేవారికి ఒక మిక్స్, స్పీకర్లలో నాకు మరొకటి కావాలంటే ఇలాంటి మిక్సర్ ఉండాల్సిందే. రెండు హెడ్‌ఫోన్ జాక్‌లలోనూ ఒకే మిక్స్ రావడం ఈ ధరకు లోటే.

సముద్రపు గాలికి జాక్‌లు చిలుము పట్టి గరగరమనడం ఈ ఊళ్లో మామూలే కాబట్టి, పని అయ్యాక పరికరాన్ని సిలికా జెల్ పొట్లాలున్న మూత డబ్బాలో పెడతాను. ఇక ఇక్కడి నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా నుంచి లేచే హెలికాప్టర్ల మోతను ఏ ప్రీయాంపూ ఆపలేదు. ముందు తలుపు సందులు మూయించడం మేలు.

ఒక్క గొంతు, ఒక్క గిటారు రికార్డు చేసేవారికి నాలుగో తరం స్కార్లెట్ చాలు. రోజూ ఇతరుల దగ్గర డబ్బు తీసుకుని పనిచేసేవారు బేబీఫేస్ వైపు చూడవచ్చు. జీఎస్టీ నమోదు ఉన్నవారు తమ నంబరుతోనే బిల్లు తీసుకుంటే 18 శాతం పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలో, సర్దుకోవచ్చు, ఇంత ధరలో అది చిన్న మొత్తమేమీ కాదు.