స్నో పడుతోందని చెప్పి లంబసింగిలో దోచుకున్నారు

విశాఖ మన్యంలో చింతపల్లి దగ్గరున్న లంబసింగిలో స్నో పడదు. కిందటి డిసెంబరులో మేం వెళ్లినప్పుడూ పడలేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చలి మొదలైందో లేదో ఆ వీడియో మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. రోడ్డంతా తెల్లగా మంచు, పక్కన వరసగా దేవదారు చెట్లు, మీద పెద్ద అక్షరాలతో "ఆంధ్రా కశ్మీర్‌లో స్నోఫాల్, మైనస్ 2". లంబసింగిలో దేవదారు చెట్లెక్కడివి? అక్కడ ఉండేవి సిల్వర్ ఓక్‌లు, వాటి నీడలో కాఫీ మొక్కలు, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. ఆ వీడియో ఎక్కడో హిమాలయాల్లో తీసిందని చెట్లు చూస్తేనే తెలిసిపోతుంది, కానీ ఎవరు చూస్తున్నారు చెట్లని!

కిందటేడు ఆ వీడియో వచ్చిన వారం విశాఖలో జనం చేసిన హడావిడి అంతా ఇంతా కాదు. ఊళ్లో 18 డిగ్రీలుంది, అంటే ఏటా డిసెంబరులో ఉండేదే. అయినా బీచ్ రోడ్డులో ఎవరిని చూసినా మంకీ క్యాపే. రోడ్డు పక్కన స్వెటర్లమ్మేవాళ్ల దగ్గర బేరమాడే పనే లేదు, వాళ్లు చెప్పిందే రేటు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అయితే "రేపు పిల్లల్ని స్కూలుకు పంపకండి, చలిగాలి లంబసింగి నుంచి సిటీకి దిగుతోంది" అని ఎవరో పెట్టారు, నిజంగానే నలుగురైదుగురు పంపలేదు. నేను స్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను, ఇలాంటివి చూస్తే నాకు బాధేస్తుంది. స్నో కాదు, అక్కడ పడేది వేరే అని గ్రూపులో రాశాను. కింద పదిమంది దండం బొమ్మలు పెట్టి, మళ్లీ అదే వీడియో ఫార్వర్డ్ చేశారు.

ఇంట్లోనూ అదే వరస. మా ఆడపడుచు కూతురు, మూడో తరగతి, స్నోమ్యాన్‌కి ముక్కు పెట్టాలని ఫ్రిజ్‌లోంచి క్యారెట్ తీసి బ్యాగులో పెట్టుకుంది. మా ఆయన కారు సర్వీసింగ్ చేయించేశారు. అత్తయ్య "కశ్మీర్ ఎలాగూ చూడలేను, ఇదైనా చూస్తాను" అన్నాక ఇక మాట్లాడేదేముంది. ఐదుగురం బయల్దేరాం.

అనకాపల్లి, తాళ్లపాలెం, నర్సీపట్నం దాకా ఏ ఇబ్బందీ లేదు. నర్సీపట్నంలో బజ్జీలు, టీ కలిపి 190 అయింది, బాగున్నాయి. అక్కడి నుంచి లంబసింగి దాదాపు 30 కిలోమీటర్లు, మామూలుగా గంట ప్రయాణం. మాకు నాలుగు గంటలు పట్టింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో పొగమంచు తెర ఒకటి అడ్డం వస్తే చాలు, ముందు కారువాళ్లు నడిరోడ్డు మీద బ్రేకేసి, డోర్లు తెరిచి, "స్నో, స్నో" అని అరుస్తూ ఫోన్లు తీసి దిగిపోవడం. వెనక ఆర్టీసీ బస్సు ఆగిపోయింది. అందులో ఉన్నది సంతకెళ్లి ఇళ్లకు తిరిగొస్తున్న ఊరివాళ్లు. గంటసేపు చూసి, ఇక లాభం లేదని మూటలు నెత్తినెట్టుకుని ఆ చీకట్లో కార్ల మధ్యనుంచి నడిచి వెళ్లారు. చంకలో చంటిపిల్లను పెట్టుకున్న ఒకావిడ మా అద్దం పక్కనుంచే వెళ్లింది, ఒంటి మీద పలచటి తువ్వాలు తప్ప ఏమీ లేదు. ఆవిడకి అడ్డంగా నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నవాళ్లేమో ఒకదాని మీద ఒకటి రెండేసి జాకెట్లు వేసుకున్నారు. అది చూశాక అత్తయ్య మూడ్ పాడైంది, మళ్లీ తెల్లారేదాకా మాట్లాడలేదు.

ఇక మేం దిగిన క్యాంపు. పేరు రాయను. ఫోన్లో టెంటుకు 3,200, టిఫిన్ అందులోనే, వెస్టర్న్ టాయిలెట్, మంచానికి రెండేసి రగ్గులు అన్నారు, రాతపూర్వకంగా మెసేజ్ కూడా పెట్టారు. రెండు టెంట్లకు 3,000 అడ్వాన్స్ పంపాం. రాత్రి తొమ్మిదిన్నరకు చేరితే అక్కడి కుర్రాడు లెక్క రాస్తూ టెంటుకు 4,500 అన్నాడు. అదేంటి బాబూ, మెసేజ్ ఇదిగో అని చూపించాను. "మేడం, అది స్నో పడకముందు రేటు. ఇప్పుడు పడుతోంది కదా, డిమాండ్ ఉంది. వద్దంటే చెప్పండి, వెనక ఇద్దరు వెయిటింగ్" అన్నాడు. స్నో ఎక్కడ పడుతోంది చూపించు అన్నాను. వేలెత్తి లైటు చుట్టూ తిరుగుతున్న పొగమంచును చూపించాడు! అత్తయ్య మోకాళ్ల నొప్పులతో ఆ చలిలో నిలబడి ఉంది, పాప కారులో నిద్రపోతోంది, వెనక్కి వెళ్దామంటే ఘాట్ నిండా కార్లు. వాళ్లకది తెలుసు. ఆ ధైర్యంతోనే రేటు పెంచారు.

అడ్వాన్స్‌తో కలిపి 9,000 కట్టాం. చలిమంటకి 700, అదీ పచ్చి కట్టెలు, మంటకన్నా పొగే ఎక్కువ. వేడినీళ్లు బకెట్‌కి 60. కారు పెట్టుకున్నందుకు 100. టెంటు లోపలివైపు గుడ్డంతా చెమ్మ, ముట్టుకుంటే చెయ్యి తడుస్తోంది, అర్ధరాత్రి దాటేసరికి పైనుంచి చుక్కలు చుక్కలుగా మొహం మీద పడటం మొదలైంది. రగ్గు మనిషికి ఒకటే, అది కూడా అంతకుముందు ఎవరో కప్పుకున్న వాసన. ముప్ఫై టెంట్లకు టాయిలెట్లు రెండు, ఒకదానికి గొళ్లెం లేదు. మా ఆడపడుచు బయట టార్చి పట్టుకుని కాపలా ఉంటే అత్తయ్యను తీసుకెళ్లాను. పక్క టెంట్లవాళ్లు రెండింటిదాకా స్పీకర్లో డప్పు పాటలు పెట్టారు. బిల్లు అడిగితే "ఇక్కడ బిల్లులుండవు మేడం" అన్నారు. మా ఆయన అంతలా కోప్పడటం నేనెప్పుడూ చూడలేదు.

తెల్లవారుజామున ఐదున్నరకి నిద్ర పట్టక నేనూ పాపా రోడ్డు మీదికి నడిచాం. ఒక పెద్దాయన పొయ్యి రాజేసి టీ కాస్తున్నాడు, 15 రూపాయలు. పాప ఆయన్ని సూటిగా "తాతా, స్నో ఎక్కడుంది?" అని అడిగింది. ఆయన నవ్వి, గ్లాసు నా చేతిలో పెట్టి, "రా అమ్మా" అని వెనక చేలోకి తీసుకెళ్లాడు. రాజ్మా కోసేశాక మిగిలిన ఎండు మోళ్లు, గట్టు మీద గడ్డి. ఆ గడ్డి పరకల అంచునంతా తెల్లగా సన్నటి పలుకులు, ఉప్పురవ్వంత ఉన్నాయి, వంగి దగ్గరగా చూస్తే ఒక్కోటి సూదిలా నిలబడి ఉంది. ఎండుటాకు తీసి తిప్పితే కిందివైపు ఏమీ లేదు, ఆకాశం చూసిన పైవైపే పట్టింది. పాప వేలు ఆనించింది, వేలి కింద నీటిచుక్క అయిపోయింది. ఇంకో పరక, ఇంకో పరక అలా ముట్టుకుంటూనే ఉంది. "ఇది పట్టిందంటే చిక్కుడాకు మాడిపోద్దమ్మా, మాకు ఇది మంచిది కాదు" అన్నాడాయన. నాకు ఆ ప్రయాణం మొత్తంలో డబ్బుకు తగ్గది అదొక్కటే, దానికాయన పైసా తీసుకోలేదు.

స్కూల్లో పాఠంగా చెప్పేదాన్ని కళ్లారా చూశాను కాబట్టి ఇక్కడ రెండు ముక్కలు రాస్తాను. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో, కొండల మధ్య ఉంది. మబ్బుల్లేని రాత్రి, గాలి కదలకపోతే, నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, చల్లబడిన గాలి బరువెక్కి పల్లంలోకి జారి అక్కడే నిలిచిపోతుంది. పేపర్లో వేసే డిగ్రీలు మనిషి నడుముకు కాస్త పైన పెట్టిన థర్మామీటరువి, నేలనంటి ఉన్న గడ్డి దగ్గర అంతకంటే కొన్ని డిగ్రీలు తక్కువే ఉంటుంది. అందుకే గాలిలో మూడో నాలుగో ఉన్నా గడ్డి మీద చెమ్మ గడ్డకడుతుంది, దీన్ని ఫ్రాస్ట్ అంటారు. స్నో సంగతి వేరు, అది మబ్బులో పుట్టి కిందికి రాలాలి, కింది గాలి కూడా దాన్ని కరగనివ్వనంత చల్లగా ఉండాలి. మన అక్షాంశంలో గాలి సున్నాకి చేరేది దాదాపు నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల ఎత్తులో. పైగా ఇక్కడ మబ్బు పట్టిందంటే ఆ రాత్రి చలి తగ్గిపోతుంది. మబ్బూ, అంత చలీ ఇక్కడ కలవవు.

మేం గట్టు మీద ఉండగానే క్యాంపులోని కుర్రాళ్లు చూశారు. "ఇక్కడుంది రోయ్" అని ఒకడు అరిచాడు, పది నిమిషాల్లో నలభై మంది చేలోకి దిగారు. బైకు సీటు మీద పట్టిన తెల్లటి పొరను ఒకడు గోళ్లతో గీకి, గుప్పెట్లో పోగేసి, పైకి విసురుతూ వీడియో తీయించుకున్నాడు. ఆ వీడియో ఏ పేరుతో తిరుగుతుందో చెప్పక్కర్లేదు. పక్క మడిలో పచ్చగా ఉన్న మొక్కల్ని కూడా తొక్కేశారు, పెద్దాయన "అయ్యా, అటు కాదు, అటు కాదు" అని తిరుగుతున్నాడు, వినేవాళ్లు లేరు. నేను స్కూల్లో పిల్లల్ని అదిలించినట్టే అదిలిస్తే కొందరు బయటికొచ్చారు. ఆ చేను ఎక్కడో మాత్రం రాయను.

తాజంగి రిజర్వాయరు బాగుంది, పొద్దున్నే నీళ్ల మీద ఆవిరి లేస్తుంటే అత్తయ్య మొహం తేటపడింది. చెరువులవేనం కొండ పైకి మనిషికి 150 అడిగారు, మేం వెళ్లలేదు. చింతపల్లిలో ఒక మెస్‌లో అన్నం, రాజ్మా కూర, చారు, 90 రూపాయలు, అంత కమ్మటి రాజ్మా కూర విశాఖలో ఎక్కడా తినలేదు, మా ఆయన కోపం అక్కడే చల్లారింది. కిలో రాజ్మా కొనుక్కున్నాం, 140. బొంగులో చికెన్ 450 అన్నారు, లోపల సగం ఉడకలేదు, తినకండి. పాడేరు దగ్గరి వంజంగి కొండకి మేం వెళ్లేసరికి ఎండెక్కిపోయింది, మేఘాలు చూడాలంటే ముందు రోజే పాడేరు చేరి సూర్యోదయానికి ముందే కొండెక్కాలి, పెద్దవాళ్లతో కష్టం.

వెళ్లొద్దని నేననను. నవంబరు చివర్లో, సోమవారం నుంచి గురువారం మధ్య వెళ్లండి, వలిసె పూలు కూడా పసుపుగా కనిపిస్తాయి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా అటు చూడొద్దు. టెంట్లు అసలు వద్దు, ముసలివాళ్లతో అయితే మరీను. నర్సీపట్నంలో 1,200కి శుభ్రమైన గది దొరుకుతుంది, నాలుగింటికి లేచి వెళ్తే చాలు. మాకు పెట్రోలు 2,200 అయితే, క్యాంపుకి మాత్రం 10,000 దాటింది.

ఆ 10,000 వదిలెయ్యమని అందరూ అన్నారు. వదలడం లేదు. రేటు రాసిన మెసేజ్, డబ్బు పంపిన ఫోన్ పే వివరాలు అన్నీ దాచాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, కట్టింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా ఉండదు. మీకూ ఇలాగే జరిగి ఉంటే మెసేజ్‌లు చెరిపెయ్యకండి.